నలభై తొమ్మిది డజన్లు, పైన అయిదు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. ప్రొద్దుటూరు బజారులో పన్నెండడుగుల వెడల్పున్న స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. దాని వెనక రెండు తాళాల గోడౌను. గోడౌనులో నాలుగేళ్ళుగా కదలని ఇత్తడి బిందెలు రెండు వందల పన్నెండు. సామాన్ల మీద పేర్లు వేసే కరెంటు మిషను ఒకటి, దాన్ని నడిపే మొయిన్ ఒకడు. ఇంట్లో భార్య జరీనా, తొమ్మిదో తరగతి చదివే కూతురు హీనా. ఖలందర్ మాటంటే మాటే అని బజారులో ఒక పేరు. సంగీతం నిల్వ సున్నా.

ఆ సున్నా గురించి సిగ్గుపడి చెప్పడం లేదు. మా నాయన ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చప్పుడును బట్టి సరుకును కనుక్కోవడం. బిందెను వేలితో కొడితే పలుచనా మందమా, అతుకు ఉందా లేదా చెప్పగలను. అంతకు మించి చప్పుడుతో నాకు పని పడలేదు.

పేర్ల మిషను సంగతి ముందే చెప్పాలి. జరిగిన అనర్థమంతా దాని సూది కిందనే మొదలైంది. మా దిక్కు పెండ్లికి గిన్నె ఇచ్చినా గంగాళం ఇచ్చినా దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు ఉండి తీరాలి. పేరు లేని గిన్నె ఇస్తే ఎక్కడ నుంచి తెచ్చినారో అని అనుమానపడతారు. ఆస్పత్రికి ఫ్యాను ఇచ్చినవాడు మూడు రెక్కల మీదా పేరు రాయిస్తాడు. తిరిగేటప్పుడు చదవడానికి రాదు కదా అంటే, కరెంటు పోయినప్పుడు చదువుకుంటారులే అంటాడు. అది చాలక చదివింపులు. పెండ్లి మంటపంలో ఒకడు మైకు ముందు నోటుబుక్కు పెట్టుకుని కూర్చుని, ఎవరు ఏమిచ్చారో అందరూ వినేట్టు చదవాలి. మా మొయిన్ మామూలు రోజుల్లో దుకాణంలో పేర్లు వేసేవాడు, ముహూర్తాల రోజుల్లో మంటపాల్లో పేర్లు చదివేవాడు. మూడు ఊళ్ళ మర్యాద వాడి సూది మీదా గొంతు మీదా నడిచేది.

నాగలత టీచరు మొదటిసారి దుకాణానికి వచ్చింది ప్లేట్ల కోసం. ఆమె హీనా చదివే బడిలో సంగీతం టీచరు.

“అరవై ప్లేట్లు, అరవై గ్లాసులు బాడుగకు కావాలన్నా. పులివెందులలో టీచర్లకు ట్రైనింగు ఉండాది.”

“ఏం ట్రైనింగమ్మా?”

“వినేదానికి.”

“ఏం వినేదానికి?”

“ఉత్త వినేదానికే అన్నా.”

నేను ప్లేట్లు లెక్కపెట్టడం ఆపి ఆమె ముఖం చూశాను. ఎగతాళి కాదు. బెంగళూరులో ఒక ట్రస్టు ఉందట. వాళ్ళకు పెద్ద ఆర్కెస్ట్రా ఉందట. అది బడులకు వచ్చి పిల్లలకు వాయించి చూపిస్తుందట, టీచర్లకు వినడం నేర్పిస్తుందట, తరువాత వాద్యాలు తెచ్చిపెట్టి పిల్లల చేతనే వాయింపజేస్తుందట. ఆ ఏడు ప్రొద్దుటూరులో ఒక బడి, జమ్మలమడుగులో ఒక బడి, పులివెందులలో ఒక బడి ఎంచుకున్నారట.

ప్లేట్లు నావి కాబట్టి ట్రైనింగుకు నేనూ పోయాను. నా ప్లేట్లు పోయిన చోటికి నేను పోకపోతే తిరిగి వచ్చేవి యాభై రెండే.

శిక్షణ ఇచ్చినది ఆర్కెస్ట్రాను నడిపే చంద్రమోహన్ గారు. తెనాలి దిక్కు మనిషి, సన్నగా, తెల్ల చొక్కాలో ఉతికిన గుడ్డలా ఉన్నారు. ఆయన వయొలిన్ వాయించే వాళ్ళను ఒక పక్క నిలబెట్టి, “కళ్ళు మూసుకుని వినండి, చాలండి” అన్నారు. అరవై మంది టీచర్లు కళ్ళు మూసుకున్నారు. పదిహేను మంది మళ్ళీ టీ వచ్చినప్పుడే తెరిచారు.

పులివెందుల హెడ్మాస్టరు జనార్దన్ సారు మాత్రం కళ్ళు మూయలేదు. చేతిలో పెద్ద రిజిస్టరు ఉంది.

“సార్, విన్నట్టు రికార్డు ఎట్ల రాయాల?”

“రాయక్కర్లేదండీ. వింటే చాలు.”

“వింటే చాలంటే ఎట్ల సార్? రేపు ఆడిటోళ్ళు వచ్చి ఏం విన్నారని అడిగితే చెవులు చూపియ్యాల్నా?”

అక్కడికక్కడే వినికిడి రిజిస్టరు తయారైంది. క్రమ సంఖ్య, సమయం, వినబడినది, విన్నవారు, సంతకం. మొదటి రోజు సాయంత్రానికి నాలుగు పేజీలు నిండాయి. రెండో రోజు ఆయనకు ఇంకొక ధర్మసందేహం వచ్చింది.

“సార్, మధ్యలో కొంతమంది వాయించకుండా గమ్మున కూర్చోనుండారు. వాళ్ళను హాజరు వెయ్యాల్నా, గైర్హాజరు వెయ్యాల్నా?”

“హాజరేనండి. వాళ్ళు లోపల లెక్క పెడుతూ ఉంటారు. వాద్యం దగ్గర పెట్టుకుని లెక్క పెడుతున్నవాడు వాయిస్తున్నట్టే. చప్పుడు లేనంత మాత్రాన పాట ఆగినట్టు కాదండి.”

“ఆ ముక్క రాసుకుంటా. ఈడ సంతకం పెట్టండి సార్.”

చంద్రమోహన్ గారు నవ్వుతూ సంతకం పెట్టారు. నవ్వుతూ సంతకాలు పెట్టే మనుషులను నేను బజారులో చాలామందిని చూశాను.

నెల తిరగక ముందే లారీలో వాద్యాలు వచ్చాయి. ముప్పై ఎనిమిది. బడిలో తాళం పడే గది లేదని నాగలత టీచరు వాటిని మా గోడౌనులో పెట్టింది. పిల్లలు వచ్చి తీసుకుపోవడం, నేర్చుకుని తెచ్చి పెట్టడం. ట్యూబా అనే పెద్ద నోరున్న ఇత్తడి బూర ఒకటి, ఎద్దు పొట్టంత డ్రమ్ము ఒకటి, ట్రంపెట్లు, క్లారినెట్లు, వయొలిన్లు. వాటన్నిటి చివర ఒక వంచిన ఉక్కు కడ్డీ, మూడు మూలలతో. అది హీనాది. ట్రయాంగిల్ అంటారట.

“ఇదేంది, ఇంత చిన్నది ఇచ్చినారు?”

“నాకు ఇదే కావాల నాయనా. నేనే అడిగినా.”

“నీ వంతు ఎప్పుడొస్తాది?”

“ఐదు వందల తొంభై మూడో లెక్కకు.”

“అంతవరకు ఏం చేస్తావు?”

“లెక్క పెడతా.”

“తరువాత?”

“తరువాత ఏం లేదు. ఒకటే దెబ్బ.”

పాట మొత్తం ఆరు వందల ఎనిమిది లెక్కలు. ఐదు వందల తొంభై రెండు అయ్యాక అందరూ ఒక్కసారిగా ఆగుతారు. ట్రయాంగిల్ ఒక్కటే మోగుతుంది. అది విని, మూడు లెక్కలు ఓర్చుకుని, అందరూ కలిసి చివరి పన్నెండు లెక్కలు అందుకుంటారు. మా దుకాణంలో ఇట్లా ఒక మనిషిని పెట్టుకుంటే నేను మూడో రోజే పంపించేస్తాను. ఆ మాట జరీనాతో అంటే, “ఇంట్లో నేను చేసేది కూడా అదే కదా, నువ్వు వాగినంతసేపూ లెక్క పెడతాండా” అంది.

ట్రస్టు వాద్యాలు ఇచ్చింది గాని కుర్చీలు, భోజనాలు, బస్సులు ఊరివాళ్ళు పెట్టుకోవాలంది. నాగలత టీచరు ఆ బాధ్యత నా మీద పెట్టింది. మొదట చాపాడు వెంకటేశు దగ్గరికి పోయాను. నాలుగు వందల గొర్రెలు, పదెకరాల వరి.

“దేనికప్పా దుడ్లు?”

“పిల్లోళ్ళు పాట వాయిస్తారు మామా. కుర్చీలకు, అన్నాలకు, బస్సుకు.”

“అన్నం తినేస్తారు. బస్సు పోతాది. కుర్చీ బాడుగది. నా పేరు యాడ ఉంటాది?”

వచ్చి వాద్యాలు చూడమన్నాను. ఆయన మా గోడౌనుకు వచ్చి నాలుగు దిక్కులా చూసి ట్యూబా దగ్గర ఆగాడు.

“ఇదేంది, ఇంత నోరు తెర్సుకోనుంది? గొర్రెపిల్ల పట్టాదే దీంట్లో. దీని మీద వెయ్యి నా పేరు.”

వాద్యాలు ఎవరివి అని నేను అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ మా దిక్కు వస్తువు మీద ఉండేది ఇచ్చినవాడి పేరు. పేరు లేని వస్తువు కనబడిందంటే దాన్ని ఇంకా ఎవరూ ఇవ్వలేదని అర్థం. మొయిన్ మిషను తగిలించాడు. ట్యూబా నోటి చుట్టూ ‘చాపాడు వెంకటేశు, సోదరులు’ అని లోతుగా దిగింది. తరువాత జమ్మలమడుగు నుంచి నూనె మిల్లు నిర్మలమ్మ వచ్చింది. పెద్ద డ్రమ్ము చుట్టూ ఆమె చనిపోయిన భర్త సుబ్బరాయుడు పేరు, ఆమె పేరు, కొడుకులు, కోడండ్లు, మనవళ్ళు. చివరి మనవడికి డ్రమ్ము మీద చోటు చాలలేదు. వాణ్ణి కొట్టే కర్ర మీద వేశాం. వయొలిన్ చెక్క మీద సూది జారిపోతుంటే మొయిన్ ఇనుప చువ్వ కాల్చి రాశాడు. పది రోజుల్లో ముప్పై ఏడు వాద్యాలకు పేర్లు పడ్డాయి. ట్రయాంగిల్ ఒక్కటే మిగిలింది. సన్నటి కడ్డీ, పేరు పట్టదు. ఎవరూ దాన్ని అడగను కూడా లేదు.

వాద్యాలు తుడిచి చూసుకోవడానికి వచ్చిన నాగలత టీచరు మొదటి ట్రంపెట్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

“ఇదేందన్నా?”

“పేర్లు.”

“ఎవరు వెయ్యమన్నారు?”

“పేరు లేకపోతే ఎవరిస్తారమ్మా?”

“ఇవి మనవి కాదన్నా! బెంగళూరోళ్ళవి. మనకు చూసుకోమని ఇచ్చినారు అంతే!”

ఆమె బోర్లించిన బిందె మీద కూలబడి, సంచిలోంచి కాగితాలు తీసి పధ్నాలుగో షరతు చదివింది. ఫిబ్రవరిలో పులివెందుల కల్యాణ మంటపంలో మూడు బడుల పిల్లలు కలిసి ఆ పాట వాయించాలి. మొదలుపెట్టిన పాట మధ్యలో ఆగకుండా చివరికంటా పోతే వాద్యాలు బడులకే సొంతం. ఆగితే మరుసటి రోజు లారీ వస్తుంది. లారీకి ఎక్కించేటప్పుడు ఒక్కొక్కటీ చూసుకుంటారు. చెడిన ప్రతి వాద్యానికీ కొత్తది కొని ఇవ్వాల్సింది దాన్ని భద్రపరిచినవాడు.

“భద్రపరిచింది ఎవరు?” అన్నాను, తెలిసే.

“రెండు తాళాలూ నీవే కదన్నా.”

ట్యూబా ఒక్కటి కొత్తది ఎంతవుతుందో ఆమె చెప్పింది. నేను మనసులో దుకాణం, గోడౌను, రెండు వందల పన్నెండు బిందెలు ఒక పక్క పెట్టి, ముప్పై ఏడు వాద్యాలు రెండో పక్క పెట్టాను. దుకాణం తేలిపోయింది. ఇరవై ఆరేళ్ళ దుకాణం, ఒక పాట ఆగితే అయిపోతుంది.

ముందు పేర్లు చెరపాలని చూశాను. మా నాయన పని గుర్తు చేసుకుని ఒక ట్రంపెట్‌కు కళాయి పూశాను. పేరు పోలేదు. వెండిలా మెరిసి వీధి చివరి నుంచి కూడా కనబడసాగింది. ఆ పేరుగలాయన వచ్చి చూసి, “శానా బాగుందప్పా, తక్కినోళ్ళకు మాత్రం చెయ్యొద్దు” అని చెప్పిపోయాడు.

ఇక మిగిలిన దారి ఒకటే. పాట ఆగకూడదు.

అప్పటి నుంచి ఆదివారం రిహార్సళ్ళకు నేనూ పోయాను. జమ్మలమడుగు బడి ఆవరణలో మూడు ఊళ్ళ పిల్లలూ కూర్చునేవాళ్ళు. మూడు ఊళ్ళకూ మూడు జబ్బులు. జమ్మలమడుగు పిల్లల్లో సగం మంది మైలవరం దిక్కు పల్లెల వాళ్ళు. నాలుగున్నర బస్సు తప్పితే మళ్ళీ ఆరు గంటల వరకు లేదు. బస్సు సమయం దగ్గరపడే కొద్దీ వాళ్ళ చేతులు వేగం అందుకునేవి. పొద్దున రిహార్సలు పెట్టినా అదే పాట అదే చోట పరుగెత్తేది. పులివెందుల పిల్లలకు జనార్దన్ సారు పక్కన నిలబడి ప్రతి వరుసా రిజిస్టరులో ఎక్కించుకునేవాడు. ఆయన కలం ఎత్తేవరకు వాళ్ళు రెండో వరుసకు పోయేవాళ్ళు కాదు. మా ప్రొద్దుటూరు పిల్లలు ఇద్దరిలో ఎవరితో పోవాలా అని చూస్తూ ఎవరితోనూ పోలేదు.

“ఏవండీ,” అన్నారు చంద్రమోహన్ గారు చెమట తుడుచుకుంటూ, “ఒకే పాట మూడు ఊళ్ళలో మూడుసార్లు అయిపోతోందండీ.”

హీనా కూర్చునేది ట్యూబా వెనక. అక్కడికి ఆయన ముఖమూ కనబడదు, చెయ్యీ కనబడదు. లెక్క ఒక్కటే ఆధారం. మూడు వందలు దాటాక అది తప్పిపోయేది. ఒకసారి ఐదు వందల ఎనభైకి కొట్టింది, ఒకసారి ఆరు వందలకు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“ఎట్ల పెడతాండావు లెక్క?”

“ఒకటీ రెండూ మూడూ అని.”

“ఐదు వందల తొంభై మూడు గిన్నెలు అట్ల లెక్కపెడితే మా బజారు ఎప్పుడో మునిగిపోయుండేది. చెయ్యి ఇటు తే.”

బజారు లెక్క చూపించాను. బొటనవేలు వదిలేస్తే నాలుగు వేళ్ళకు పన్నెండు కణుపులు. బొటనవేలు ఒక్కొక్క కణుపు మీద పెట్టుకుంటూ పోతే ఒక చెయ్యి ఒక డజను. డజను నిండగానే రెండో చేతిలో ఒక కణుపు జరగాలి. నోరు కదలనక్కరలేదు, ఎవరు పలకరించినా లెక్క చెడదు. మా నాయన ఈ పద్ధతిలో ముల్లా గారితో మాట్లాడుతూ, బీడీ తాగుతూ, వెయ్యి చెంబులు దించేవాడు. ఐదు వందల తొంభై మూడంటే నలభై తొమ్మిది డజన్లు, పైన అయిదు. రెండో చెయ్యి నాలుగుసార్లు నిండి, ఇంకొక కణుపు జరిగితే నలభై తొమ్మిది. ప్రొద్దుటూరు వచ్చేలోపు ఆమె చేతులు రెండూ కదలడం మొదలైంది.

చిక్కల్లా కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేకపోవడం. ట్రయాంగిల్‌ను స్టాండుకు వేలాడదీసి, కొట్టే కడ్డీని పళ్ళ మధ్య పెట్టుకుంది. చంద్రమోహన్ గారు అది చూసి కాసేపు ఆకాశం వైపు చూసి, “కానివ్వండి” అన్నారు.

ఫిబ్రవరిలో ఆ రోజు రానే వచ్చింది. దాతలు జీపుల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. వెంకటేశు రెండు రోజుల ముందే ట్యూబాను గండికి తీసుకుపోయి, కొత్త ట్రాక్టరుకు చేయించినట్టు ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించాడు. అది మెడలో పూలదండతో, నోటి నిండా కుంకుమతో వచ్చింది. ఊదే పిల్లవాడు ఊపిరి పరీక్షకు ఒకసారి ఊదాడు. ముందు వరుస క్లారినెట్లు ఎర్రబడ్డాయి.

అసలు గొడవ మంటపం గుమ్మంలోనే మొదలైంది.

“పెండ్లిలో బిందె ఇస్తే చదువుతారు,” అంది నిర్మలమ్మ. “ఇంత పెద్ద డ్రమ్ము ఇస్తిమి. మోగేటప్పుడు మా ఆయన పేరు చదవాల.”

“పాట మధ్యలో చదవకూడదు అక్కా. మొదలు పెట్టేముందు ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి చదివిస్తా. రెండుసార్లు!”

బేరం రెండుసార్లకు కుదిరింది. మొయిన్‌ను మైకు ముందు కూర్చోబెట్టి, పాట మొదలయ్యాక నోరు మెదిపితే ఉద్యోగం ఉండదని చెప్పాను. వాడు ముప్పై ఏడు పేర్లూ చదివాడు. చంద్రమోహన్ గారు చేతిలో సన్నటి కర్రతో బల్ల ఎక్కారు. ఆయన వెనక పెండ్లికొడుకు, పెండ్లికూతురు కుర్చీలు రెండు ఎర్ర ముఖమల్‌తో అట్లాగే ఉన్నాయి, వాటిని తీయడానికి మంటపం వాళ్ళు ఒప్పుకోలేదు. కర్ర లేచింది. పాట మొదలైంది. నేను పక్క గోడకు ఆనుకుని, ట్యూబా వెనక హీనా వేళ్ళు కనబడేచోట నిలబడి, నా బొటనవేలు మొదటి కణుపు మీద పెట్టాను.

ఆరు డజన్లు బాగానే నడిచాయి. ఏడో డజనులో పెద్ద డ్రమ్ము మోగింది. నిర్మలమ్మ లేచి నిలబడింది.

“ఏమప్పా మొయినూ! మా ఇంటాయన మోగినాడు. చదవ్వా?”

మొయిన్ నా వైపు చూశాడు. నేను వద్దని చెయ్యి ఊపాను. కానీ ఇరవై ఏళ్ళుగా వాణ్ణి ఆ పిలుపుతోనే చదివిస్తున్నారు. మైకు మీద వేలు దానంతట అదే పడింది.

“కీర్తిశేషులు సుబ్బరాయుడు గారి జ్ఞాపకార్థం, ధర్మపత్ని నిర్మలమ్మ గారు, ఒక డ్రమ్ము!”

మంటపం చప్పట్లు కొట్టింది. ఇంకేముంది. వయొలిన్లు మోగితే వయొలిన్ల వాళ్ళు లేచారు, క్లారినెట్లు మోగితే క్లారినెట్ల వాళ్ళు లేచారు. మొయిన్ చదివినప్పుడల్లా ఆ వాద్యం పట్టుకున్న పిల్ల లేచి సభకు దండం పెట్టి కూర్చునేది. దండం పెట్టడానికి రెండు చేతులూ కావాలి కదా. దండం పెట్టిన వాద్యం మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియక గమ్మునుండిపోయేది. జమ్మలమడుగు పిల్లలు ఈ గోల అయ్యేలోపు బస్సు పోతుందని భయపడి పరుగు తీశారు. పులివెందుల వైపు జనార్దన్ సారు పాటతో పాటు పేర్లను కూడా రిజిస్టరుకు ఎక్కించసాగాడు. ఆయన పిల్లలు కలం వైపు చూస్తూ ఆగారు.

ఇరవై ఎనిమిదో డజనులో ట్యూబా గట్టిగా మోగింది. వెంకటేశు చేతిలో శాలువతో, భుజం మీద ఆపిల్ పండ్ల దండతో, వెనక ఒక పొట్టేలుతో వేదిక ఎక్కాడు.

“పాట అయినాక కప్పు మామా!” అని అరిచాను.

“అయినాక ఎవరు చూస్తారప్పా? అన్నాలకు పోతారు!”

శాలువ చంద్రమోహన్ గారి భుజాల మీద నుంచి మోచేతుల దాకా దిగింది. దాని మీద ఆపిల్ దండ పడింది. ఎంత బరువో, ఆయన చేతులు రెండూ పక్కలకు అంటుకుపోయాయి. శాలువ కింద కర్ర మాత్రం చిన్న ఎలుకలా కొట్టుకుంది. ఆ చేతిలోనే వెంకటేశు పొట్టేలు తాడు పెట్టాడు.

నలభై రెండో డజనుకు జమ్మలమడుగు పిల్లలు తమ లెక్క ముగించేసి, ట్రయాంగిల్ కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు. నలభై నాలుగో డజనుకు ప్రొద్దుటూరు వాళ్ళలో చివరి వయొలిన్ లేచి దండం పెట్టింది. ఆ తరువాత మంటపంలో ఒక్క వాద్యం మోగలేదు. మొయిన్ చదవడానికి పేర్లు కూడా మిగలలేదు. పొట్టేలు ఒకసారి అరిచి, తనకే సిగ్గనిపించిందేమో, ఆగింది.

నా దుకాణం ఆ నిశ్శబ్దంలో పోతూ ఉంది. బల్లలు, తక్కెడ, రెండు వందల పన్నెండు బిందెలు, ఒక్కొక్కటీ లారీ ఎక్కుతూ నాకు కనబడ్డాయి. ట్యూబా పక్క నుంచి హీనాను చూశాను. పళ్ళ మధ్య కడ్డీ. కళ్ళు ఎవరినీ చూడడం లేదు. కుడి చేతి బొటనవేలు కణుపు నుంచి కణుపుకు, కణుపు నుంచి కణుపుకు, తొందర లేకుండా పోతూ ఉంది. నా వేలూ ఆమె వేలూ ఒకే కణుపు మీద ఉన్నాయి.

నలభై ఏడు. నలభై ఎనిమిది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో “అయిపోయిందా, ఆకులు వేసినారా” అని అడిగారు. నలభై తొమ్మిది నిండింది. ఒకటి. రెండు. మూడు. హీనా పళ్ళ మధ్య నుంచి కడ్డీ తీసింది. నాలుగు.

కొట్టింది.

నేను జీవితంలో లక్ష బిందెలు కొట్టి చూశాను. అంత అతుకు లేని చప్పుడు వినలేదు. అది మంటపం పైకప్పు దాకా పోయి, మెల్లగా దిగింది. పరుగెత్తినవాళ్ళూ, ఆగినవాళ్ళూ, దండం పెట్టినవాళ్ళూ అందరికీ తెలిసినది అదొక్కటే. మూడు లెక్కలు ఓర్చుకుని, ముప్పై ఏడు మంది ఒకేసారి చివరి డజను అందుకున్నారు. మూడు ఊళ్ళు ఒకే పాటలో ఉండడం అదే మొదటిసారి. పన్నెండో లెక్కకు ఒకేసారి ఆపారు.

“అదెవరిదప్పా, మధ్యలో మోగింది?” అంది నిర్మలమ్మ. “పేరు చదవలేదే?”

మొయిన్ నోటుబుక్కు రెండుసార్లు తిరగేశాడు. “పేరు లేదక్కా.”

చంద్రమోహన్ గారిని శాలువలోంచి బయటికి తీయడానికి ఇద్దరు పట్టారు. ఆయన ముఖం చిన్నబోయి ఉంది.

“పిల్లలు చివరి భాగం అద్భుతంగా వాయించారండి. కానీ మధ్యలో అరనిమిషం ఒక్క చప్పుడు లేదు. పాట ఆగిపోయింది. నేను ట్రస్టుకు అబద్ధం రాయలేను.”

నాగలత టీచరు తల దించుకుంది. నేను గోడ వదిలి ముందుకు వచ్చాను. అప్పుడు హీనా లేచింది. మా ఇంట్లోనే నాలుగు మాటలకు మించి మాట్లాడని పిల్ల.

“ఆగలేదు సార్.”

“ఎవరూ వాయించలేదు కదమ్మా?”

“నేను వాయిస్తాంటి సార్. లెక్క పెడతాంటి. అది వాయించినట్టే అని మీరే చెప్పినారంట.”

“ఎవరు చెప్పారు నీకు?”

“మా నాయన. పులివెందులలో ప్లేట్ల కాడ విన్నాడంట.”

మంటపంలో అందరూ నా వైపు తిరిగారు. అదే సమయానికి జనార్దన్ సారు రిజిస్టరు తెరుచుకుని వేదిక ఎక్కాడు. “క్రమ సంఖ్య అరవై ఒకటి,” అని చదివాడు. “వాద్యం దగ్గర పెట్టుకుని లెక్క పెడుతున్నవాడు వాయిస్తున్నట్టే. చప్పుడు లేనంత మాత్రాన పాట ఆగినట్టు కాదు. ఇదిగో సార్, మీ సంతకం. తేదీ కూడా ఉండాది.”

చంద్రమోహన్ గారు రిజిస్టరు దగ్గరికి లాక్కుని తన సంతకం చూసుకున్నారు. తరువాత హీనా దగ్గరికి పోయి వంగి అడిగారు.

“ఎంతవరకు లెక్క పెట్టావు?”

“నలభై తొమ్మిది డజన్లు, పైన అయిదు సార్.”

ఆయన రిజిస్టరు అట్ట మీద వేలితో గుణించి చూసుకున్నారు. మళ్ళీ గుణించారు. అడిగి జనార్దన్ సారు కలమే తీసుకుని, పధ్నాలుగో షరతు కింద సంతకం పెట్టారు. ఈసారి నవ్వలేదు. ఆ సంతకం గట్టిదని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

చివరి లెక్క ఇది. దుకాణం నిలబడింది. ముప్పై ఎనిమిది వాద్యాలు బడులకే మిగిలాయి. పొట్టేలు చంద్రమోహన్ గారితో బెంగళూరు పోయింది, రైల్లో ఎక్కించుకోకపోతే కారు మాట్లాడుకున్నారట. రెండు వందల పన్నెండు బిందెల్లో పదమూడు కదిలాయి. నాగలత టీచరు వచ్చి ఒక్కొక్కటి నన్ను వేలితో కొట్టి చూపించమని, కళ్ళు మూసుకుని విని, పదమూడు ఏరుకుంది. పిల్లలకు వాయించడానికట. తక్కినవి నూట తొంభై తొమ్మిది అట్లాగే ఉన్నాయి.

నా సొంతానికి వచ్చినది ఇంకొకటి. ఇదివరకు బేరం మధ్యలో మనిషి గమ్మునైపోతే నేను తొందరపడి ధర తగ్గించేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి బల్ల కిందకు పోనిచ్చి కణుపులు లెక్కపెడతాను. మూడో డజను నిండక ముందే అవతలివాడే నోరు తెరుస్తాడు.

వెంకటేశు వారానికి ఒకసారి వస్తాడు. ట్యూబా మీద పేరు చెరిపేసుకున్నా పర్వాలేదట, ట్రయాంగిల్ మీద వేస్తే చాలట. సన్నగా వేసే సూది తెప్పించానని మొయిన్ కూడా అన్నాడు. హీనాను అడిగాను, వేద్దామా, ఎవరి పేరు వేద్దాం అని.

“వద్దు నాయనా,” అంది. “చప్పుడు మారిపోతాది.”

ముప్పై ఏడు పేర్లు, ఒక ఖాళీ కడ్డీ. ఖాళీ కడ్డీని రాబడిలోనే వేసుకున్నాను.